బంగారపు ఏటి ఒడ్డున గుడారం: పడక ఎవరిది, నీళ్లెవరివి, బంగారమెవరిది?

నెల్లూరులో మా వీధిలో ఇప్పుడు ఒక చిన్న గాజు బుడ్డి ఇల్లిల్లూ తిరుగుతోంది. హోమియో మాత్రల బుడ్డి అంత ఉంటుంది. నిండా నీళ్లు, అడుగున గసగసాల కన్నా సన్నటి పసుపు రేకులు ఎనిమిది. పోయిన ఎండాకాలం కాలిఫోర్నియాలో మా వాడి దగ్గరికి పోయినప్పుడు, ఒక ఏటి ఒడ్డున గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉన్నాం. పక్కనే పాత బంగారు గనుల ఊరు. అక్కడి ఏట్లో మా ఆవిడ గాలించి తీసిన బంగారం అది.

బుడ్డి చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "ఆడ ఎవరైనా తీసుకోవచ్చా? మరి వారం రోజులుండి ఇంకాస్త తీసుకోకుండా ఎందుకొచ్చేశారబ్బా?" పది గ్రాముల ధర లక్ష దాటిన రోజులు కదా, అడగడంలో తప్పులేదు. పైగా ఫోన్లలో ఏట్లో పళ్లెం తిప్పి బంగారం తీసే వీడియోలు రోజూ వస్తూనే ఉన్నాయి. ఎదురింటాయన "అదంతా గవర్నమెంటు భూమి, ఎవరైనా తవ్వుకోవచ్చు" అన్నాడు. ఆయన బామ్మర్ది "అంతా ప్రైవేటు, అడుగుపెడితే తుపాకీ తీస్తారు" అన్నాడు. ఇద్దరూ అక్కడ బిడ్డలున్నవాళ్లే, ఇద్దరూ ఒకసారి పోయొచ్చినవాళ్లే.

ఏటి ఒడ్డును మనం ఒకే చోటు అనుకుంటాం. చిక్కంతా అందులోనే ఉంది. అక్కడి చట్టానికి ఆ ఒక్క చోటే మూడు వేరువేరు ఆస్తులు. నీళ్ల మీద పడవలో పోయే హక్కు ఒకటి, ఒడ్డున పడుకునే హక్కు ఇంకొకటి, అడుగున ఉన్న ఖనిజాన్ని తీసుకునే హక్కు మరొకటి. ఈ మూడూ ముగ్గురి చేతుల్లో ఉండొచ్చు. పడుకోనిచ్చిన చోట గాలించనివ్వకపోవచ్చు, గాలించనిచ్చిన చోట పడుకోనివ్వకపోవచ్చు. ఎందుకిలాగో తెలియాలంటే ముందు ఆ బంగారం ఏట్లోకి ఎలా వచ్చిందో చూడాలి.

బియ్యం గాలించడం వచ్చినవాళ్లకి సగం పని వచ్చినట్టే

కాలిఫోర్నియా తూర్పు భాగంలో సియెర్రా నెవాడా కొండలున్నాయి. వాటి పడమటి వాలులో తెల్లటి పలుగురాతి చారల్లో బంగారం ఉంది. ఆ చారలున్న మేరను 'మదర్ లోడ్' అంటారు. కోట్ల ఏళ్ల వానలకీ మంచుకీ ఆ రాళ్లు అరిగి, బంగారం రేకులు, నలుసులు ఏర్లలోకి కొట్టుకొచ్చాయి. ఇలా ఏటి గులకలో, ఇసుకలో దొరికేదాన్ని 'ప్లేసర్' బంగారం అంటారు. రాతిని పగలగొట్టి తీసేది 'లోడ్' బంగారం. గుడారాల వాళ్లకి సంబంధించినది మొదటిదే.

బంగారం సాంద్రత 19.3. మామూలు ఇసుకది 2.65. అంటే అదే పరిమాణంలో ఇసుక కన్నా ఏడు రెట్ల పైచిలుకు బరువు. అందుకే నీళ్ల వేగం తగ్గిన చోటల్లా బంగారం కిందికి దిగిపోతుంది. ఏటి వంపు లోపలి వైపున, పెద్ద బండ వెనకాల, అడుగు రాతి నెర్రెల్లో చేరుతుంది. పళ్లెంలో గులక పోసి, నీళ్లలో ముంచి, ఆడిస్తూ ఒరిస్తే తేలికవి అంచు మీదుగా పోతాయి, బరువైనవి అడుగున ఉంటాయి.

మా వాడు ఈ సంగతంతా యూట్యూబులో చూసి వచ్చాడు. అరగంట తిప్పాడు. పళ్లెంలో గులక కాదు గదా, వాడి ఓపిక కూడా మిగల్లేదు. మా ఆవిడ గట్టున కూర్చుని చూసి చూసి, "ఇటియ్యి, బియ్యం గాలించినట్టే కదా" అని తీసుకుంది. రేషన్ బియ్యంలో రాళ్లున్న కాలంలో పెద్దదైన మనిషి. పళ్లెం కొంచెం వంచి, మణికట్టుతో చిన్నగా ఊపుతూ, పైనున్న నీటిని పారనిస్తూ, ఐదు నిమిషాల్లో చిటికెడు నల్ల ఇసుకకి తెచ్చింది. ఆ నల్ల ఇసుక మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. సాంద్రత 5.2 కాబట్టి అది కూడా అడుగునే ఉంటుంది. దాని అంచున కదలకుండా రెండు పసుపు చుక్కలు. అక్కడ ఇసుకను వదిలేసి అడుగుది ఉంచుకోవడం, ఇక్కడ బియ్యాన్ని ఉంచుకుని అడుగుది పారబోయడం, అంతే తేడా.

నెల్లూరు వాళ్లకి ఇంకొక సుళువుంది, మెరిసేదంతా బంగారం అనుకోం. సైదాపురం, గూడూరు వైపు అభ్రకం గనుల దగ్గర పెరిగినవాళ్లకి నేలంతా మెరవడం కొత్త కాదు. కాలిఫోర్నియా ఏర్లలో కూడా అభ్రకం రేకులుంటాయి. నీళ్లలో ఎగిరెగిరి పడుతూ, ఎండలో తళుక్కుమని, నీడపడగానే ఆరిపోతాయి. బంగారం నీడలోనూ అదే రంగుతో, పడిన చోటే పడి ఉంటుంది. మొదటిరోజు "దొరికింది!" అని అరిచిన పక్క గుడారం పిలకాయల పళ్లెంలో ఉన్నది అభ్రకమేనని నేను దూరం నుంచే చెప్పగలిగాను. చెప్పలేదు.

ఇక లెక్క. ఒక్కో రేకు ఒక మిల్లీగ్రాము అనుకుందాం. ఎనిమిది రేకులు ఎనిమిది మిల్లీగ్రాములు. గ్రాము పదివేలు వేసుకుంటే ఎనభై రూపాయలు. ఆ ప్లాస్టిక్ పళ్లెం కొన్న డబ్బులు కూడా రాలేదు.

ఎవరి నేల మీద దొరికింది?

మేం పోయిన ఊరు కొలోమా. అమెరికన్ నదికి మూడు పాయలున్నాయి, దక్షిణపు పాయ అయిన 'సౌత్ ఫోర్క్' ఒడ్డున ఉంటుంది. జాన్ సట్టర్ అనే భూస్వామి కోసం జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి అక్కడ రంపపు మిల్లు కట్టిస్తున్నాడు. 1848 జనవరి 24న మిల్లు నీళ్లు బయటికిపోయే కాలవలో అతనికి బంగారం కనబడింది. కాలిఫోర్నియాకి జనం వెర్రెక్కి పరిగెత్తిన 'గోల్డ్ రష్' మొదలైంది అక్కడే. కొన్నేళ్లలో దాదాపు మూడు లక్షల మంది వచ్చిపడ్డారు. ఎక్కువమంది వచ్చింది 1849లో కాబట్టి వాళ్లని 'ఫార్టీ నైనర్స్' అన్నారు. ఆ గనుల ఊళ్లని కలుపుతూ పోయే రోడ్డుకి ఇప్పటికీ 49 అనే నంబరే.

ఆ జనవరి రోజున ఆ నేల ఎవరిదో చెప్పడం కష్టం. కాగితాల మీద మెక్సికోది. తొమ్మిది రోజుల తర్వాత, ఫిబ్రవరి 2న, గ్వాడలూపే హిడాల్గో ఒప్పందంతో అమెరికాది అయింది. తరతరాలుగా అక్కడ బతుకుతున్నది నిసెనాన్ అనే ఆదివాసులు. సట్టర్ తెలివిగా ఆ నిసెనాన్ల దగ్గరే కౌలు రాయించుకుని అమెరికా సైనిక గవర్నరు మేసన్ దగ్గరికి పంపాడు. భూమిని కౌలుకివ్వడానికి ఆదివాసులకి హక్కే లేదని మేసన్ తోసిపుచ్చాడు. మంది దిగేసరికి సట్టర్ చేతిలో ఏమీ మిగల్లేదు. నిసెనాన్ల సంగతి చెప్పేదేముంది.

చట్టం లేని చోట గని పనివాళ్లే చట్టం రాసుకున్నారు. ప్రతి గుడారాల పేటలోనూ సభ పెట్టి, ఒక్కొక్కరికి ఏటి ఒడ్డున ఎన్ని అడుగులో, ఎన్ని రోజులు పని చెయ్యకపోతే హక్కు పోతుందో తీర్మానించేవాళ్లు. ఇలా గుంజలు పాతి చెప్పుకున్న హక్కే 'క్లెయిమ్'. మన పక్క కాలవ ఆయకట్టులో వంతులు పెట్టుకున్నట్టు. ఆ ఊరి కట్టుబాటునే తర్వాత అమెరికా ప్రభుత్వం దేశ చట్టంగా మార్చింది. అది 1872 నాటి గనుల చట్టం, ఇప్పటికీ అమల్లో ఉంది.

దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ భూమిలో, మినహాయించని చోట్ల, ఎవరైనా ఖనిజం కనిపెట్టి క్లెయిమ్ వేసుకోవచ్చు. ప్లేసర్ క్లెయిమ్ ఒక్కొక్కరికి 20 ఎకరాలు మించకూడదు. తీసిన బంగారం మీద కేంద్రానికి రాయల్టీ కట్టక్కర్లేదు, ఏటేటా క్లెయిమ్ నిలుపుకునే ఫీజు మాత్రం ఉంది. 'ఎవరైనా' అంటే పౌరులు, పౌరులవుతామని ప్రకటించినవాళ్లు. విజిటర్ వీసా మీద పోయిన నాలాంటి నాన్నలు కాదు. ఎదురింటాయన చెప్పిన 'గవర్నమెంటు భూమి, ఎవరైనా తవ్వుకోవచ్చు' అనే మాట పుట్టింది ఈ చట్టంలోనే. కాకపోతే ఎవరో ఒకరు ఇప్పటికే క్లెయిమ్ వేసి ఉంటే తర్వాత వచ్చినవాళ్లకి అక్కడ ఒక్క రేకు మీద కూడా హక్కు లేదు.

మూడు గుడారాలు వేసి చూద్దాం

మాటలతో కన్నా గుడారం వేసి చూస్తే త్వరగా అర్థమవుతుంది.

మొదటి గుడారం కొలోమాలోనే, మార్షల్‌కి బంగారం దొరికిన చోట వేద్దాం అనుకోండి. అది ఇప్పుడు రాష్ట్ర చారిత్రక పార్కు. వంతెన దాటి అవతలి ఒడ్డుకి పోతే, గుర్తించిన మేరలో ఎవరైనా బంగారం గాలించుకోవచ్చు. చేతులు, పళ్లెం తప్ప ఇంకేమీ వాడకూడదు. పార కూడా కుదరదు. పౌరులా కాదా అని అడిగేవాళ్లు లేరు, మా ఆవిడ బుడ్డి నిండింది ఇక్కడే. కానీ సాయంత్రం మూటాముల్లె సర్దుకోవాల్సిందే. పార్కులో రాత్రి బస లేదు.

రెండో గుడారం ఆ పార్కు దాటాక ఏటి వెంబడి ఉండే ప్రైవేటు క్యాంపుల్లో. మేం పడుకున్నది అలాంటి చోటే. రాత్రికి ఇంతని కట్టాలి, బల్ల, మంట వేసుకునే ఇనుప చట్రం, స్నానాల గది ఉంటాయి. ఇక్కడ నిద్ర మీది. బంగారం సంగతి మాత్రం యజమాని మాట. కొందరు పళ్లెం వరకు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. బామ్మర్ది భయపడ్డ 'ప్రైవేటు' ఇదే. అడిగి దిగితే భయమేం లేదు.

మూడో గుడారం అసలైన చిక్కు. 49వ రోడ్డు మీదే ఉత్తరానికి పోతే డౌనీవిల్ అనే ఇంకో పాత బంగారు ఊరు వస్తుంది. డౌనీ నది, నార్త్ యూబా కలిసే చోట, లోయలో ఇరుక్కుని ఉంటుంది. చుట్టూ టాహో జాతీయ అడవి, అంటే కేంద్రం భూమి. జాతీయ అడవుల్లో నిషేధం లేని చోట ఏ సౌకర్యమూ లేకుండా గుడారం వేసుకోవచ్చు. మామూలుగా 14 రోజులు హద్దు, మంటకీ గ్యాసు పొయ్యికీ ఉచిత పర్మిట్ ఉండాలి, ఎండాకాలం ముదిరితే మంట పూర్తిగా బంద్. మీరు మంచి చోటు చూసి గుడారం వేశారు. పొద్దున్నే పళ్లెం తీశారు. ఒక పెద్దాయన వచ్చి "ఇది నా క్లెయిమ్" అన్నాడు. ఇప్పుడు మీరు గుడారం పీకాలా, పళ్లెం దించాలా?

1955 జులైలో వచ్చిన చట్టం దీనికి జవాబు చెప్పింది. ఆ తర్వాత వేసిన క్లెయిమ్‌లలో క్లెయిమ్‌దారుకి ఖనిజం మీదే హక్కు, పైనేలను జనం వాడుకోవచ్చు, అతని పనికి అడ్డం రాకుంటే చాలు. కాబట్టి గుడారం ఉండొచ్చు, పళ్లెం మాత్రం దించాలి. ఇసుకలో ఉన్న రేకు ఆయన సొత్తు. ఆయన కంచె వేసి "అందరూ పొండి" అంటే ఆయనదీ తప్పే. అయితే 1955కి ముందు నుంచీ నడుస్తున్న క్లెయిమ్ అయితే లెక్క మారొచ్చు. అందుకే అక్కడికి పోయేవాళ్లు అడవి శాఖ ఆఫీసులో ముందు కనుక్కుంటారు. క్లెయిమ్‌ల రికార్డు కేంద్ర భూ నిర్వహణ సంస్థ దగ్గర ఉంటుంది. గుంజలూ బోర్డూ కనబడకపోయినంత మాత్రాన క్లెయిమ్ లేదని కాదు.

(ఎలుగుబంట్లున్న అడవి కాబట్టి ఆవకాయ సీసా గుడారంలో పెట్టుకోకూడదు. కొన్ని క్యాంపుల్లో అందుకోసమే ఇనుప పెట్టెలుంటాయి. మా ఆవిడ రెండు రాత్రులూ దాన్నే కాపలా కాసింది.)

పడవ పోతుంది కాబట్టి అడుగు మీదవుతుందా?

ఇంతవరకు ఒడ్డు, ఖనిజం. మూడోది నీరు.

కాలిఫోర్నియా 1850 సెప్టెంబరు 9న రాష్ట్రమైంది. ఆనాటికి పడవలు నడిచే నదులైతే వాటి అడుగు రాష్ట్రానిది. అలా కాని ఏర్లలో అడుగు కూడా ఒడ్డు భూమి ఎవరిదో వాళ్లదే కావచ్చు. ఇది యాజమాన్యం ప్రశ్న. నీటి మీద పోవడం వేరే ప్రశ్న. చిన్న తెప్ప పోగలిగినా చాలు, ఆ నీటి మీద జనానికి హక్కుందని అక్కడి కోర్టులు చెప్పాయి. అంటే అడుగు ఒకరిదై ఉండగానే మీరు దాని మీదుగా తెప్పలో పోవచ్చు. దిగి ఒడ్డెక్కితే మాత్రం ఆక్రమణ.

దీని మీద తగువు ఇదే సౌత్ ఫోర్క్ మీద నడిచింది. 1970లలో గాలి తెప్పల్లో సుడుల మీదుగా పోయే సరదా పెరిగి, కొలోమా చుట్టుపక్కల ఒడ్డున ఇళ్లున్నవాళ్లకి తలనొప్పి అయింది. చెత్త, గోల, మరుగుదొడ్లు లేక గట్టు పాడవడం. ఎల్ డొరాడో కౌంటీ, అంటే వాళ్ల జిల్లా యంత్రాంగం అనుకోండి, ఏట్లో తెప్పలు నడపడాన్నే నిషేధించింది. రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1979లో అప్పీలు కోర్టు ఆ నిషేధం చెల్లదంది. నది జనానిది, చెత్త సమస్య ఉంటే చెత్తను ఆపాలి గాని నదిని మూసెయ్యకూడదని దాని సారాంశం.

ఇందులో ఒడ్డువాళ్ల గోడు నాకు చిన్నదిగా అనిపించదు. నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున జొన్నవాడ తిరునాళ్ల మర్నాడు ఏటి రేవు చూసినవాళ్లకి తెలుస్తుంది. అక్కడ చివరికి రెండు పక్షాలకీ మధ్య దారి కుదిరింది. కొలోమా దగ్గర ఇళ్లున్న మేరను 'నిశ్శబ్ద మండలం' అన్నారు, తెప్పలవాళ్లు అక్కడ కేకలు వెయ్యకూడదు. సుడుల్లో గావుకేకలు పెట్టుకుంటూ వచ్చిన గుంపు మా గుడారం ముందుకొచ్చేసరికి బళ్లో పిల్లల్లా నోరు మూసుకుని పోవడం చూసి మొదట ఆశ్చర్యపోయాను.

పళ్లెం సరే, యంత్రం ఎందుకు వద్దన్నారు?

పళ్లేనికి ఒప్పుకున్న రాష్ట్రం, ఏటి అడుగును మోటారుతో పీల్చి వడకట్టే యంత్రాన్ని 2009లో ఆపేసింది. దీన్ని 'సక్షన్ డ్రెడ్జ్' అంటారు. గని పనివాళ్లు "కేంద్ర చట్టం ఇచ్చిన హక్కును రాష్ట్రం ఎలా ఆపుతుంది?" అన్నారు. 2016లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, పర్యావరణం కోసం రాష్ట్రం ఆపవచ్చని తేల్చింది.

ఈ తగువు వేర్లు పాతవి. 1853 నుంచి కొండలకి పెద్ద గొట్టాలతో నీళ్లు కొట్టి, మట్టిని కరిగించి, చెక్క కాలవల్లో పారించి బంగారం తీసేవాళ్లు. మిగిలిన మట్టంతా ఏర్లలోకి వదిలేసేవాళ్లు. దిగువన యూబా నది అడుగు పూడి పైకి లేచి, మేరీస్‌విల్ పట్నం గట్లు కట్టుకుని బతకాల్సి వచ్చింది. రైతుల పొలాలు గులక కింద పోయాయి. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్ ఏర్లలోకి మట్టి వదలడాన్ని నిషేధించాడు. పెన్నలో ఇసుక పోతోందని మనం మొత్తుకుంటాం, అక్కడ ఏట్లో ఇసుక పడిందని మొత్తుకున్నారు. రెండు చోట్లా నష్టపోయింది దిగువ రైతే.

ఆ చెక్క కాలవల్లో పాదరసం పోసేవాళ్లు. బంగారం పాదరసానికి అతుక్కుని ముద్దవుతుంది, కాల్చితే పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. మన కంసాలి అంగళ్ల ముందు మట్టి ఊడ్చి, కడిగి, పాదరసంతో రేణువులు పట్టేవాళ్ల పనీ ఇదే. జలగడగడమనే మాట మన పాత తెలుగులో ఉంది. తేడా మోతాదులో ఉంది. అక్కడ ఏర్ల పాలైన పాదరసం ఒక్క ప్లేసర్ గనుల నుంచే కోటి పౌండ్ల దాకా, అంటే 45 లక్షల కిలోలు ఉంటుందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. ఆ పాదరసంలో చాలా భాగం తీసింది శాన్ హోసే పక్కన న్యూ ఆల్మడెన్ గనుల్లో. అక్కడి మన పిల్లలు రోజూ ఆఫీసుకి పోయే ఆల్మడెన్ ఎక్స్‌ప్రెస్‌వే పేరు ఆ గని పేరే.

ఆ పాదరసం ఇంకా ఏటి అడుగున బొట్లు బొట్లుగా ఉంది. యంత్రాలవాళ్ల వాదన: "మేం తీస్తే అది కూడా బయటికొస్తుంది, ఏరు శుభ్రపడుతుంది." అవతలివాళ్లు, అందులో చేపల మీద బతికే కరుక్ తెగ ఆదివాసులు ముందున్నారు, "అడుగున పడుకున్నదాన్ని లేపుతున్నారు, చేప గుడ్లు పోతున్నాయి" అంటారు. రాష్ట్ర జల బోర్డు ఇదే సౌత్ ఫోర్క్‌లో ఒక యంత్రం పెట్టి పరీక్షించి, 2005లో నివేదిక ఇచ్చింది. పాదరసంలో 98 శాతం యంత్రానికి చిక్కింది. చిక్కకుండా నీళ్లతో బయటికిపోయిన సన్నటి ఒండ్రులో పాదరసం చాలా ఎక్కువ మోతాదులో ఉంది. మొదటి వాక్యం యంత్రాలవాళ్లు చెబుతారు, రెండో వాక్యం అవతలివాళ్లు చెబుతారు. నాకైతే రెండో వాక్యమే బరువుగా తోస్తుంది. పెద్ద బొట్టు అడుగున పడి ఉంటుంది, సన్నపు పొడి దిగువకి పోయి చేప కడుపులో చేరుతుంది.

గుడారం వేసేవాళ్లకి దీనితో ఏం పని అంటే, చేపల పులుసు. నీళ్లలో కాళ్లు పెట్టినంత మాత్రాన పాదరసంతో పెద్దగా భయపడాల్సిందేం లేదు. పాదరసం మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి చేపల్లో చేరుతుంది, చిన్నచేపను తిన్న పెద్దచేపలో ఇంకా పేరుకుంటుంది. అందుకే దిగువనున్న ఫోల్సమ్ చెరువు లాంటి చోట్ల ఏ చేప వారానికి ఎంత తినొచ్చో రాష్ట్రం పట్టిక వేసి చెబుతుంది. పిల్లలకీ, బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్లకీ ఆ హద్దు ఇంకా తక్కువ. మామిడికాయ ముక్కలు, చింతపండు అన్నీ పట్టుకుపోయిన మా ఆవిడకి ఆ పట్టిక చదివి వినిపించడం నా వంతైంది.

తెల్లారేసరికి చెప్పు లేదు

మొదటి రాత్రి నీళ్లకి నాలుగడుగుల దూరాన గులక మీద కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఏరు సన్నగా ఉంది. కుర్చీలు, చెప్పులు అక్కడే వదిలేసి పడుకున్నాం. పొద్దెక్కాక చూస్తే కుర్చీల కాళ్లు మోకాలి బంటి నీళ్లలో ఉన్నాయి, నా చెప్పు ఒకటి లేదు. వాన చుక్క పడలేదు. క్యాంపు వాళ్లు ముందుగా చెప్పలేదు. బోర్డు ఉందట, చీకట్లో చూడలేదు.

కొలోమాకి ఎగువన చిలీ బార్ అనే చోట కరెంటు తీసే ఆనకట్ట ఉంది. దానికీ పైన మరికొన్ని జలాశయాలున్నాయి. కరెంటు కోసమూ, తెప్పలవాళ్ల కోసమూ నీళ్లు గంటల లెక్కన వదులుతారు. ఎండాకాలంలో ఏరు ఎప్పుడు నిండుతుందో చెప్పేది ఆకాశం కాదు, ఆ వేళల పట్టిక. పైన వదిలిన నీళ్లు కొలోమా చేరడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, గేటు ఎత్తిన వేళ వేరు, మీ కాళ్ల దగ్గరికి వచ్చే వేళ వేరు. ఆ నీళ్లు పైనున్న జలాశయాల అడుగు నుంచి, కరిగిన మంచు నుంచి వచ్చేవి. మే నెల ఎండలో కూడా నిమిషానికి కాళ్లు కొయ్యబారిపోతాయి.

నెల్లూరు మనిషికి ఇది తెలియాల్సిన సంగతే, నాకు సిగ్గేసింది. సోమశిల గేట్లెత్తితే పెన్న రేవుల్లో దిగొద్దని చాటింపు వేసే ఊరు మాది. 78 టీఎంసీల జలాశయం ఎగువన పెట్టుకుని, ఇసుకలో ఎండిన ఏరని ఎవరూ నమ్మి పడుకోరు.

మరి పెన్న ఒడ్డున?

బుడ్డి చూసినవాళ్ల ఆఖరి ప్రశ్న ఇదే. ఇక్కడ మూడు హక్కుల చిక్కు లేదు, ఒకటే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వచ్చిన 1905 నాటి భూ ఆక్రమణ చట్టం, వేరొకరి ఆస్తిగా రుజువైనవి తప్ప నదులు, వాగులు, చెరువుల అడుగు ప్రభుత్వానిదని రాసింది. అదే ఏటి పోరంబోకు. గట్టు మీద పట్టా భూములు వేరే సంగతి.

ఖనిజం సంగతికొస్తే 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ఉంది. లైసెన్సో లీజో లేకుండా వెతకడమూ తవ్వడమూ కుదరదని దాని నాలుగో సెక్షన్. బంగారం పెద్ద ఖనిజం, లీజులు వేలంలో పోతాయి. గుంజ పాతి 'ఇది నాది' అనే క్లెయిమ్ పద్ధతి మనకి లేదు, సరదాకి పళ్లెం తిప్పుకునేవాళ్లకి వేరే వెసులుబాటూ లేదు. జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఆదివాసులు తరాలుగా ఇసుక గాలించి బంగారం తీస్తూనే ఉన్నారు, అది సరదా కాదు, కూలి. ఇసుక చిన్న ఖనిజం, దాని నియమాలు రాష్ట్రానివి. 2024 జులై నుంచి ఇసుక ఉచితం అన్నారు. ఉచితమంటే ఇసుకకి ధర లేదని. తవ్వకానికీ రవాణాకీ ఖర్చు ఉంది, గుర్తించిన రీచ్‌లలోంచే తీయాలి. 

పోయిన నెల జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికి పోయినప్పుడు మా ఆవిడ సంచిలోంచి ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ పళ్లెం తీసింది. ఎప్పుడు పెట్టుకుందో నాకు తెలియదు. రేవులో దోసెడు పెన్న ఇసుక వేసి, నీళ్లలో ముంచి, మణికట్టు తిప్పింది. స్నానాలకొచ్చిన పిలకాయలు చుట్టూ చేరారు. అభ్రకం రేకులు ముందే లేచి అంచు దాటి పోయాయి. తెల్ల ఇసుక పోయింది. అడుగున చిటికెడు నల్ల ఇసుక మిగిలింది. ఒక పిల్లవాడు జేబులోంచి పాత స్పీకరు అయస్కాంతం ముక్క తీసి దగ్గర పెట్టాడు. అదీ అంటుకుపోయింది.